ఎర్రచుక్క డబ్బా

మా ఇంట్లో ఏ గిన్నె, ఏ డబ్బా బోర్లించినా అడుగున ఎర్రచుక్క ఒకటి కనిపిస్తుంది. మా అమ్మ సకీనా గోళ్లరంగుతో పెట్టే గుర్తు అది. గిన్నెల మీద పేర్లు కొట్టించుకునే ఓపిక ఆమెకు లేదు. రంజాన్‌కు సేమియా పోసి పంపిన టిఫిను, పెరుగు తోడుకు పక్కింటికి వెళ్లిన గ్లాసు, అన్నీ ఆ చుక్కతోనే తిరిగి ఇల్లు చేరాలి. ఆమెకు ఇంకో పట్టింపు కూడా ఉంది. ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగి పంపదు. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా వేసి ఇస్తుంది. ఖాళీ గిన్నె చేతికిస్తే ఇంక మా గడప తొక్కొద్దు అన్నట్టేనని మా జేజి కాలం నుంచీ అనుకుంటున్న మాట.

నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్తాను. ఏటా బోర్డు మీద కాలేయం బొమ్మ వేసి, అది చెడితే మనిషి ఏమవుతాడో పిల్లలకు వివరంగా చెప్తాను. వాళ్లు బుద్ధిగా రాసుకుంటారు. ఇంట్లో మాత్రం నా మాట పిల్లి కూడా వినదు. పోయిన ఎండాకాలం సెలవుల్లో జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రంజాన్ ముందర, చెన్నూరు మనిషి ఒకాయన కువైట్ నుంచి వస్తూ నాయన పంపిన అట్టపెట్టె తెచ్చాడు. నాయన పేరు అలీ అహ్మద్. నేను పుట్టకముందే కువైట్ వెళ్లాడు. అక్కడ ఒక ఫర్నిచరు గోడౌనులో బండి తోలుతాడు, బీరువాలూ మంచాలూ మోసి ఎక్కిస్తాడు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. వీసా ఇచ్చిన యజమానిని ఎన్నాళ్లో బతిమాలితే, నీ బదులు నీ కొడుకును పంపు, నువ్వు ఇంటికి వెళ్లు అని ఒప్పుకున్నాడు. నా తమ్ముడు నాసిర్‌కు వీసా కూడా వచ్చేసింది. ఇంక మెడికల్ పరీక్షలో పాసవడమే మిగిలింది. వాడు విమానం ఎక్కితే నాయన విమానం దిగుతాడు. ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఇదే మాట.

పెట్టెలో దుప్పట్లు, ఖర్జూరాలు, పాలపొడి డబ్బాలు, వాటి మధ్యలో నల్ల డబ్బా ఒకటి, దాని మీద బంగారు రంగు అక్షరాలు. ప్రోటీను పొడి. మోసే పని కదా, పిల్లోడు బలంగా ఉండాలని నాయన అక్కడి మందుల షాపులో అడిగి, సీలు చూసి కొన్నాడు. నాసిర్ ఆ డబ్బాను ఎత్తుకుని ఇల్లంతా తిరిగాడు. ఇంటర్ అయ్యాక చదువు మానేసి జిమ్ములో చేరాడు వాడు. ఆ జిమ్ము షంషుద్దీన్ మామది, జమ్మలమడుగు రోడ్డులో. మామ అమ్మకు చిన్నాయన కొడుకు.

డబ్బా పండగ నాటికే అయిపోయింది. ఆ వారంలోనే షంషు మామ ఇంటికి వచ్చి, టీ తాగుతూ, వంటింటి గూటి మీద ఉన్న డబ్బాను చూశాడు.

"అక్కా, అది ఖాళీ అయినట్టుండాదే. నాకియ్యి. జిమ్ములో పిల్లోల్లు చేతులకు రాసుకునే సుద్దపొడి పోసి పెడ్తా. కవర్లో ఉంటే అంతా గాలికి పోతాంది."

అది కందిబేడలకు పెట్టుకుందామని నేను కడిగి ఆరబెట్టిన డబ్బా.

"సుద్దపొడికి ఏ డబ్బా అయితే ఏంది మామా? జిమ్ము పెట్టినోడివి, డబ్బా కొనుక్కోలేవా?" అన్నాను.

"చూడక్కా, టీచరమ్మ నన్ను గోడకుర్చీ ఏయిచ్చేట్టుండాది," అని నవ్వాడు.

"దానికి నోరు శానా. నువ్వు తీస్కపోప్పా," అంది అమ్మ. ఖాళీ డబ్బా చేతికిస్తే బాగుండదని గుప్పెడు ఖర్జూరాలు అందులో పోసి మరీ ఇచ్చింది.

నాయన రెండో డబ్బా పంపాలంటే అటు నుంచి మనిషి రావాలి. అంతలోనే నాసిర్ ఒకరోజు జిమ్ము నుంచి ఎగురుకుంటూ వచ్చాడు.

"అమ్మా, షంషు మామ బామ్మర్ది కూడా కువైట్ నుంచి తెచ్చినాడంట. అచ్చం నాయన పంపిన డబ్బానే! ఇంటికి తెస్తే గడ్డ కడ్తాదని మామ జిమ్ములోనే పెట్టినాడు. పొద్దున రెండు గరిటెలు, సాయంత్రం రెండు గరిటెలు."

"కువైట్‌దే గదా?" అని అమ్మ ఒక్క మాట అడిగింది. కువైట్‌దే అన్నాడు. అంతే, ఇంక విచారణ ముగిసింది. మా వీధిలో కువైట్ నుంచి వచ్చిందంటే చీపురుకట్టకైనా మర్యాద చేస్తారు. సంతలో వంకాయను పుచ్చుందేమోనని పదిసార్లు తిప్పి చూసే మనిషి, కొడుకు గొంతులో పడే పొడిని ఒక్కసారి కూడా చూడాలనుకోలేదు.

నెల తిరిగేసరికి నాసిర్ చొక్కాలు భుజాల దగ్గర పట్టడం మానేశాయి. వీధిలో మగపిల్లలు వాడి చేయి పట్టుకుని చూసేవాళ్లు. అమ్మ ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసేది. నాకు మాత్రం వాడి వీపు నిండా లేచిన ఎర్రటి మొటిమలు కనిపించేవి. కూరలో ఉప్పు తగ్గిందని కంచం తోసేయడం కనిపించేది. అంతకుముందు వాడు అలాంటి పిల్లోడు కాదు.

"రేయ్, ఇంత బిరీన కండ రాదురా. ఆ పొడిలో ఏం కలిపినారో ఏమో. కొన్నాళ్లు ఆపి చూడు," అన్నాను.

"నువ్వు పుస్తకంలో చూసి చెప్తాండావు. నేను అద్దంలో చూసుకుంటాండా," అన్నాడు.

నాయన వీడియో కాల్ చేసినప్పుడు వాడు చొక్కా విప్పి చేతులు మడిచి చూపించాడు. నాయన పడక మీద మోకాళ్లకు పట్టీలు కట్టుకుని కూర్చుని, ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, "మాషా అల్లా, బీరువా ఒక్కడివే ఎత్తేస్తావు పో," అని మురిసిపోయాడు. మధ్యలో దూరి మొటిమల సంగతి చెప్పబోతే అమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. ఆయన ఎప్పుడో ఒకసారి నవ్వుతాడు, దానికీ అడ్డమేనా అని నన్నే తిట్టింది.

ఎండలు ముదిరాయి. నాసిర్‌కు ఒళ్లంతా దురద మొదలైంది. అన్నం సహించేది కాదు. ఒంటికి పోతే డికాషన్ రంగులో వస్తోందని నాతో చెప్పడానికి సిగ్గుపడి అమ్మతో చెప్పాడు. వేడి చేసిందని అమ్మ బార్లీ నీళ్లు కాచింది, సబ్జాలు నానబెట్టింది. ఒక మధ్యాహ్నం వాడు కొళాయి దగ్గర ముఖం కడుక్కుని తలెత్తితే, వాడి కళ్లు పసుపు రాసినట్టున్నాయి.

"ఆస్పత్రికి పోదాం పా," అన్నాను.

"కామెర్లకు ఇంగ్లీషు మందు యాడుంది?" అంది అమ్మ. "లింగాల కాడ ఆకుపసరు ఇచ్చే ఆయనుండాడు. మీ తాత ఆ మందుతోనే బతికినాడు."

అరిచాను. ఏడ్చాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చివరికి వాళ్లిద్దరితో పాటు నేనూ బస్సెక్కాను. పులివెందులలో దిగి, లింగాల బస్సు కోసం స్టాండులో ఎండకు మాడాం. నాసిర్‌కు చీనీకాయ రసం కొనిచ్చాను. సగం తాగి, వాంతి చేసుకున్నాడు. అంత కండ ఉన్నవాడు నా భుజం మీద తల ఆనించి కళ్లు మూసుకుంటే, కోపం చేయాలో జాలిపడాలో నాకు అర్థం కాలేదు.

లింగాల అవతల ఒక చేనుగట్టు మీద ఆ పసరు పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నాసిర్ కనురెప్పలు తిప్పి చూశాడు. పచ్చటి పసరు తాగించి పథ్యం చెప్పాడు. ఉప్పు, నూనె, కారం ముట్టకూడదు. మజ్జిగన్నం తప్ప ఏమీ తినకూడదు. అప్పుడు అమ్మకు పొడి గుర్తొచ్చింది.

"అప్పా, పిల్లోడు బలానికి కువైట్ పొడి తాగుతాండాడు. తాగొచ్చునా?"

"దాంట్లో ఉప్పుండాదా?"

"లేదు."

"నూనె?"

"అదీ లేదు. పాలపొడి మాదిరి ఉంటాదంట."

"అట్లయితే తాగనీ తల్లీ. పథ్యంలో నీరసం వస్తాది."

"అమ్మా, అసలు ఆ పొడి వల్లనే వచ్చిందేమో గదా!" అన్నాను. పెద్దాయన నన్ను చూసి, ఆడపిల్లకు ఇంత గొంతు పనికిరాదన్నాడు. అమ్మ అవునన్నట్టు తలూపింది.

ఇంక చూడండి మా ఇంటి వైద్యం. ఉప్పు లేదు, కారం లేదు, గుడ్డు లేదు, కూర లేదు. పూటపూటకూ మజ్జిగలో పొడి మాత్రం ఉంది. నాసిర్ జిమ్ముకు పోలేకపోతే షంషు మామే పొట్లాలు కట్టి ఇంటికి తెచ్చిచ్చేవాడు. తిండి లేదు కాబట్టి మోతాదు పెంచమని అమ్మకు సలహా కూడా ఇచ్చాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పిల్లోడు రోజురోజుకూ పచ్చగా, ఇంకా పచ్చగా అయ్యాడు.

మెడికల్ పరీక్షకు హైదరాబాదు పోవాల్సిన రోజు పొద్దున, సంచి భుజానికి వేసుకుని వాడు గుమ్మంలోనే కూలబడ్డాడు. అమ్మ ఏమంటుందో అని నేను ఆగలేదు. ఆటో పిలిచి డాక్టర్ రాజ్యలక్ష్మి దగ్గరికి తీసుకుపోయాను.

రక్తం రిపోర్టు చూసి ఆమె కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"ఈ రక్తంతో ఏ మెడికల్లోనూ పాసవడు. అది తర్వాతి మాట. ముందు లివర్ నిలబడాలి. కామెర్లు తెచ్చే వైరస్‌లు ఏవీ లేవు. ఏం తింటున్నాడు, ఏం తాగుతున్నాడు?"

అన్నీ చెప్పాను. అమ్మ కల్పించుకుని, పొడి కువైట్‌ది అని రెండుసార్లు చెప్పింది.

"పసరు ఆపండి, పొడి ఆపండి. ఈ వీపు, ఈ కండలు చూస్తే నాకు అనుమానంగా ఉంది. ఊరూపేరూ లేని పొడుల్లో కండ తొందరగా రావడానికి హార్మోను మందులు కలుపుతుంటారు. అవి లివర్‌ను ఇలాగే కొడతాయి. ఆ డబ్బా తీసుకురండి, చూస్తాను."

వాడిని అక్కడే చేర్చి, నేను జమ్మలమడుగు రోడ్డుకు వెళ్లాను. జిమ్ములో ఫ్యాను కింద షంషు మామ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా వీధిలోనే ఉండే వనజమ్మ కొడుకు యశ్వంత్ అద్దం ముందు బరువులు ఎత్తుతున్నాడు. మామ వెనక గూట్లో నల్ల డబ్బా ఉంది.

"నాసిర్‌ను ఆస్పత్రిలో చేర్చినాం మామా. డాక్టరమ్మ ఆ డబ్బా చూడాలంటాంది."

"అయ్యో! డబ్బా ఎందుకు పాపా, పొట్లం కట్టిస్తా."

"డబ్బానే తెమ్మంది."

ఆయన లేచేలోపు నేనే వెళ్లి తీసుకున్నాను. సగానికి పైగా పొడి ఉంది. తయారు చేసిన తేదీ అడుగున ఉంటుందేమోనని మూత గట్టిగా బిగించి, తిప్పి చూశాను.

ఎర్రచుక్క ఉంది.

"మామా," అన్నాను, "సుద్దపొడి యాడ పోసినావు?"

షంషు మామ యశ్వంత్ వైపు చూశాడు. వాడు బరువులు దించి నీళ్లు తాగడానికి బయటికి వెళ్లాడు.

"పొడి మంచిదే పాపా. బెంగుళూరు నుంచి గోతాల్లో వస్తాది. గోతాం చూసి ఈడ ఎవడు కొంటాడు? కువైట్ డబ్బా అంటే కళ్లకద్దుకుంటారు. పేరులో ఏముండాది, ఎత్తే బరువులోనే గదా కండ ఉండేది. నాసిర్ నా బిడ్డ మాదిరి, వానికి విషం పెడ్తానా నేను?"

"నువ్వు తాగుతాండావా ఈ పొడి?"

"నాకు బీపీ గదా పాపా," అన్నాడు.

ఆ డబ్బా వాడి నెత్తిన కొట్టాలనిపించింది. మామ అన్న గౌరవం నాకు అక్కడితో సరి. కొట్టలేదు, చంకలో పెట్టుకుని వచ్చేశాను. కొట్టనందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆస్పత్రి వరండాలో అమ్మ ఒడిలో దాన్ని బోర్లించి పెట్టాను. అమ్మ చాలాసేపు చూసింది. చుక్కను గోటితో గీకింది. అది రాలేదు.

"దీంట్లో ఖర్జూరాలు పోసిచ్చినా గదే," అంది.

నాసిర్ మంచం దగ్గరికి వెళ్లి, నిద్రపోతున్న వాడి కాళ్ల మీద దుప్పటి సర్ది, మళ్లీ బయటికి వచ్చి కూర్చుంది. నేను మాత్రం ఊరుకోలేదు. డాక్టరమ్మతో చీటీ రాయించుకుని కడపలో ఆహార కల్తీ చూసే ఆఫీసుకు వెళ్లాను. మీరు తెచ్చింది తెరిచిన డబ్బా, బిల్లు లేదు, దీంతో కేసు నిలబడడం కష్టమమ్మా, అయినా అర్జీ రాసివ్వండి, పరీక్షకు పంపుతాం అన్నారు. రాసిచ్చాను. ఆ కబురు ఎలా పొక్కిందో, నేను ఇల్లు చేరేసరికి అమ్మ తరఫు చుట్టాలందరూ వరసగా కూర్చుని ఉన్నారు. మనోణ్ని మనమే రోడ్డున పడేసుకుంటామా అన్నారు. వాడికి పిల్లలున్నారన్నారు. మాకూ ఒక పిల్లోడున్నాడని నేను అంటే, నీకు పెద్దంతరం చిన్నంతరం లేదన్నారు. షంషు గోతాల్లోంచి తెచ్చి పోశాడన్న మాట ఎవరి నోటా రాలేదు. వనజమ్మ ఇంటికి పోయి చెప్పాను.

"మా యశ్వంత్‌కు బాగనే ఉండాది పాపా. మీ వానికి ఒళ్లు పడలేదేమో," అంది ఆమె. పైగా, చదువుకున్నదానివి, ఇంటివాళ్లను వీధికెక్కిస్తావా అని బుద్ధి చెప్పింది.

నాసిర్ కళ్లలో పసుపు మెల్లగా తగ్గింది. కండలు మాత్రం త్వరగానే కరిగాయి. వాడు అద్దం ముందుకు పోవడం మానేశాడు. ఈలోపు వీసా గడువు దాటిపోయింది. ఆ యజమాని నాసిర్ చోట్లో ఇంకెవరినో పెట్టుకుంటానన్నాడట. అలీ అహ్మద్ ఉంటే ఉండొచ్చు, కొడుకు మాట మాత్రం మళ్లీ ఎత్తొద్దన్నాడట. నాయన ఫోను చేసినప్పుడు అమ్మ, కామెర్లు అని మాత్రమే చెప్పింది. నేను ఫోను తీసుకుని మొత్తం చెప్పాను. పొడి, పథ్యం, గోతాలు, ఎర్రచుక్క, అన్నీ.

నాయన వెనకాల గోడౌనులో ఎవరో ఏదో ఈడుస్తున్న చప్పుడు వినిపించింది.

"ఆ డబ్బా నేను పంపిందేనా పాపా?" అని అడిగాడు.

"డబ్బా నీదే నాయనా. పొడి నీది కాదు."

"సరేలే. ఇంకో రెండేండ్లు చేస్తాలే నేను. మోకాళ్లదేముంది, పట్టీ కట్టుకుంటే పోతాంది," అన్నాడు. "నాసిర్‌ను తిట్టద్దండి."

నేను ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయి గట్టిగా ఏడ్చాను. ఎవరి మీద ఏడవాలో తెలియక గూట్లోని పాలపొడి డబ్బాల మీద ఏడ్చాను.

బక్రీద్ వచ్చింది. జిమ్ము తెరిచే ఉంది. పొద్దున నమాజు అయ్యాక షంషుద్దీన్ తెల్ల లాల్చీ వేసుకుని, అత్తరు పూసుకుని, మూత పెట్టిన స్టీలు గిన్నె పట్టుకుని మా గడప ముందుకు వచ్చాడు. ఏమీ జరగనట్టు "అక్కా, ఈద్ ముబారక్," అన్నాడు. నాసిర్ లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయాడు. నేను తలుపు మూయబోతే అమ్మ నా చేయి పట్టుకుంది.

"ఖుర్బానీ మాంసం వద్దనగూడదు," అంది.

నాకు తల తిరిగిపోయింది. ఇంత జరిగాక ఇంకా మర్యాదలేనా! అమ్మ గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది. మాంసం మా గిన్నెలోకి ఒంపుకుంది. అతని గిన్నెను చింతపండుతో తోమింది, కడిగింది, పొడిగుడ్డతో లోపలా బయటా తుడిచింది. పక్కనే పండగకని చేసిన షీర్ ఖుర్మా గిన్నె నిండా ఉంది. చక్కెర డబ్బా మూత తీసే ఉంది. ఖర్జూరాలు పళ్లెంలో ఉన్నాయి. ఏది వేస్తుందోనని నేను పళ్లు నూరుకుంటూ నిలబడ్డాను.

అమ్మ దేన్నీ ముట్టుకోలేదు. గిన్నెకు మూత పెట్టి, తీసుకెళ్లి షంషుద్దీన్ చేతికిచ్చింది.

గిన్నె తేలిగ్గా ఉండడం అతనికి అందుకున్న మరుక్షణమే తెలిసింది. అయినా మూత ఎత్తి చూశాడు. పండగకు వచ్చి మా వాకిట్లో కూర్చున్న చుట్టాలు కూడా చూశారు.

"అక్కా..." అన్నాడు అతను.

"ఎండ ముదురుతాంది. పోప్పా," అంది అమ్మ.

అతను ఆ ఖాళీ గిన్నె పట్టుకుని వీధి చివరి దాకా నడిచి వెళ్లాడు. నా అర్జీ ఏమైందో ఇప్పటికీ తెలియదు. నా కోపం ఒక్క గిన్నెతో తీరేది కాదు, తీరలేదు కూడా. అమ్మ లోపలికి వచ్చి, నాయన పంపిన పాత డబ్బాల్లో ఖాళీవి ఏరి నేల మీద పరిచింది. సుత్తి, మేకు తెమ్మంది. ఒక్కో డబ్బాను బోర్లించి, సరిగ్గా ఎర్రచుక్క మీద మేకు పెట్టి, ఒకే దెబ్బకు అడుగు చిల్లు కొడుతూ కూర్చుంది.